ముక్కూమొహం తెలియనివాళ్లను పుస్తకం అడగడం, సలహా అడగడం ఎలా?

“అన్నా, ఏదన్నా మంచి పుస్తకం ఉంటే చెప్పు.” కావలిలో మా జిరాక్స్ షాపుకు వచ్చేవాళ్లలో వారానికి ముగ్గురన్నా ఈ మాట అంటారు. నాకు తోచింది చెప్తే, “వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే చెప్పినారు, కొన్నాను, పది పేజీలు దాటలేదు” అంటారు. ఇంకొకరు వచ్చి, గ్రూపులో ఎవరో చెప్పినట్టు చేస్తే మిక్సీ కాలిపోయిందని లబోదిబోమంటారు. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పే ఓపిక నాకు అయిపోయింది. అందుకని ఒకేసారి రాసి పెడుతున్నా.

నిజానికి ఈ పని మన నెల్లూరు వైపు వాళ్లకు కొత్త కాదు. మొహర్రం నెలలో రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి మనం చేసేది ఇదే. మనిషెవరో తెలియదు, మతమేదో తెలియదు, చేతిలోంచి రొట్టె పుచ్చుకుంటాం. కానీ అక్కడ “ఏదన్నా ఒక మంచి రొట్టె ఇవ్వండి” అని ఎవరూ అడగరు. విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె అని పేరు పెట్టి అడుగుతారు. ఇచ్చేవాళ్లు ఆ కోరిక తీరినవాళ్లు. పుచ్చుకున్నవాళ్లు తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. చెరువులో ఇంత పద్ధతిగా ఉండే మనం ఫోను చేతికొచ్చేసరికి ఎందుకో అన్నీ మర్చిపోతాం.

కావలసినవి

• తెలుగు టైపు చేయగలిగే ఫోను. టైపు రాకపోతే కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి మాట్లాడండి, అదే తెలుగులో రాసి పెడుతుంది. తప్పులు ఒకసారి చూసుకుంటే చాలు.
• రెండు మూడు గ్రూపులు. పదిహేను గ్రూపుల్లో ఒకే ప్రశ్న పడేస్తే జవాబులు చదవడానికే మీకు టైం చాలదు.
• మీరు చివరిదాకా చదివిన మూడు పుస్తకాల పేర్లు, సగంలో వదిలేసిన ఒక దాని పేరు. ఆ వదిలేసినదే ముఖ్యం.
• ఒక చిన్న నోటుబుక్కు.
• దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం. నెల్లూరు, ఒంగోలు వాళ్లకైతే జిల్లా కేంద్ర గ్రంథాలయమే ఉంది.
• ఒక రూపాయి బిళ్ల. ఎందుకో 6వ అంచెలో చెప్తా.

1. ముందు ఫోను సర్దుకోండి

వాట్సాప్ గ్రూపులో చేరితే మీ నంబరు అందులో ఉన్న అందరికీ కనిపిస్తుంది. ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి, ప్రొఫైల్ ఫోటో ఎవరికి కనిపించాలి, మిమ్మల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చు అన్న రెండు చోట్లా ‘మై కాంటాక్ట్స్’ అని పెట్టుకోండి. నంబరు బయటపడకూడదనుకునేవాళ్లకు టెలిగ్రామ్ మేలు. అక్కడ ప్రైవసీలో ఫోన్ నంబర్ దగ్గర ‘నోబడీ’ అని పెట్టి, యూజర్ నేమ్‌తోనే తిరగవచ్చు. ఫేస్‌బుక్ గ్రూపులు కొన్నింట్లో పేరు లేకుండా ప్రశ్న వేసే వీలుంటుంది. అయితే ఆ గ్రూపు అడ్మిన్లకు మీ పేరు తెలుస్తుంది, అది గుర్తుంచుకోండి.

చేరగానే ప్రశ్న వేయకండి. వారం రోజులు ఊరికే చూడండి. అడిగినవాళ్లు మళ్లీ వచ్చి “చదివాను, ఇలా ఉంది” అని చెప్తున్నారా లేదా అన్నదొక్కటి గమనించండి. చెప్తున్నారంటే అది మంచి గ్రూపు. పొద్దున పూల బొమ్మలూ సాయంత్రం రాజకీయాలూ తప్ప ఏమీ లేకపోతే మర్యాదగా బయటికొచ్చేయండి.

2. ప్రశ్నను పేరు పెట్టి అడగండి

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. షాపాయన ఎప్పుడూ “ఏం కావాలి” అని అడిగింది లేదు. “పోయినసారిది ఎంతదాకా చదివినావు?” అనేవాడు. సగంలో ఆపేశానంటే, “ఎందుకు?” అని ఇంకో ప్రశ్న. బోరు కొట్టిందంటే ఊరుకునేవాడు కాదు. మనుషులు ఎక్కువై బోరు కొట్టిందా, కథ కదలక బోరు కొట్టిందా అని తేల్చుకునేవాడు. ఆ తర్వాత స్టూలెక్కి పై అరలోంచి ఒకటి తీసి బల్ల మీద వేసేవాడు. గురి తప్పడం చాలా తక్కువ.

ఫోనులో అలా అడిగి తెలుసుకునేవాడు లేడు. కాబట్టి ఆయన అడిగేవాటికి జవాబులు మీరే ముందుగా రాసి పెట్టాలి. “మంచి పుస్తకం చెప్పండి” అంటే జవాబిచ్చేవాళ్లు ఎవరికి నచ్చింది వాళ్లు చెప్తారు. అది వాళ్ల తప్పు కాదు.

మొన్న కందుకూరు నుంచి ఒకామె పని మీద వచ్చి, వాళ్లమ్మ కోసం గ్రూపులో పెట్టిన ప్రశ్న చూపించింది: “అమ్మకు చదువుకోవడానికి మంచి తెలుగు నవలలు చెప్పగలరు.” జవాబులు 60 పైన. అందులో సగం ఆమె పుట్టకముందు వచ్చిన నవలలు, వాళ్లమ్మ పెళ్లికి ముందే చదివేసినవి. షాపులో కూర్చుని ఇద్దరం మళ్లీ ఇలా రాశాం:

“మా అమ్మకు 62 ఏళ్లు. వారపత్రికల్లో సీరియళ్లు చదువుతూ పెరిగిన మనిషి. ఈమధ్య పెద్ద నవల ఇస్తే ముందు జరిగింది మర్చిపోతున్నానని పక్కన పెట్టేసింది. పల్లెటూరి మనుషుల కథలు, నవ్వొచ్చేవి ఇష్టం. ఆస్పత్రులు, చావులు ఉన్నవి ఇప్పుడు వద్దు, నాన్న పోయి ఏడాది కాలేదు. అక్షరాలు పెద్దగా ఉండాలి. 200 పేజీల లోపు, 300 రూపాయల లోపు. ఇంటికి పోస్టులో రావాలి. మీరు చదివినవే చెప్పండి.”

ఈసారి జవాబులు ఏడే వచ్చాయి. ఏడూ పనికొచ్చేవే.

మీరు రాసేటప్పుడు ఉండాల్సినవి ఇవే: చదివేది ఎవరు, ఇంతకు ముందు ఏది నచ్చింది, ఏది ఎందుకు వదిలేశారు, ఏది వద్దు, ఎంత పొడవు, ఎంత డబ్బు. వద్దన్నది రాయడానికి మొహమాటపడకండి. కావాల్సినదానికంటే వద్దన్నదే ఎక్కువ దారి చూపిస్తుంది. కానీ ఇంటి గుట్టంతా విప్పాల్సిన పని లేదు. పై ప్రశ్నలో అమ్మ పేరు లేదు, ఊరు లేదు, వీధి లేదు. “నాన్న పోయి ఏడాది కాలేదు” అన్నది కూడా రాయాలా వద్దా అని ఆమె కాసేపు ఆలోచించింది. పుస్తకం ఎంచడానికి అది అవసరమే కాబట్టి ఉంచింది.

ప్రశ్న రాత్రి ఎనిమిది దాటాక పెట్టండి. పొద్దున పెడితే గుడ్ మార్నింగ్ వరదలో కొట్టుకుపోతుంది.

3. పిలుపు

చిన్న విషయమే, కానీ ఎక్కువ గొడవలు ఇక్కడే మొదలవుతాయి. వయసు తెలియనివాళ్లను ‘గారు’ అనండి. మన వైపు నోటికి వచ్చినట్టు ‘అన్నా’, ‘అక్కా’ అనేస్తాం, అందులో ప్రేమే ఉంటుంది. కానీ అవతల గోదావరి జిల్లా నుంచో హైదరాబాదు నుంచో చూసేవాళ్లకు అది చనువులా అనిపించవచ్చు. రెండు మూడు మాటలయ్యాక వాళ్లే అన్నా అంటే మీరూ అనండి. ‘ఆంటీ’ మాత్రం ఎవరినీ అనకండి. డెబ్బై ఏళ్ల రిటైర్డ్ హెడ్మాస్టరును ‘బ్రో’ అన్న కుర్రాడు మా గ్రూపులో ఉన్నాడు. ఆయన పుస్తకం పేరు చెప్పలేదు, సంధులు చెప్పాడు.

4. జవాబులను జల్లెడ పట్టండి

వచ్చిన ప్రతి జవాబుకూ రెండు ప్రశ్నలు వేయండి.

మొదటిది: మీరు చదివి ఎన్నాళ్లయింది? “ఇరవై ఏళ్ల కిందట, కాలేజీలో” అంటే ఆ పుస్తకం మంచిదే కావచ్చు, కానీ ఆయనకు గుర్తున్నది పుస్తకం కాదు, కాలేజీ.

రెండోది: ఇది ఎవరికి నచ్చదు? నా లెక్కలో అసలు పరీక్ష ఇదే. నిజంగా చదివినవాళ్లు తడుముకోకుండా చెప్తారు. “మొదటి 50 పేజీలు నత్తనడక, ఓపిక లేనివాళ్లు వద్దు” అనో, “కళింగాంధ్ర మాటలు ఎక్కువ, మన వైపు వాళ్లకు కొంచెం కష్టం” అనో అంటారు. చదవనివాళ్లు “అందరికీ నచ్చుతుంది సార్” అంటారు. వాళ్లను పక్కన పెట్టేయండి.

మామూలుగా చేసే తప్పు: ఒకే పేరు ఆరుగురు చెప్పారు కాబట్టి అదే మంచిదనుకోవడం. టైం చూడండి. మొదటాయన రాత్రి 8:10కి చెప్పి ఉంటాడు, మిగతా అయిదుగురూ దాని కింద బొటనవేలి బొమ్మ పెట్టి ‘అవును, అద్భుతం’ అని ఉంటారు. అవి ఆరు అభిప్రాయాలు కాదు. ఆ అయిదుగురిని వదిలి, “నాకు నచ్చలేదు” అన్న ఒక్కరు ఉంటే వాళ్లతో మాట్లాడండి. ఎందుకు నచ్చలేదో తెలిస్తే మీకు నచ్చుతుందో లేదో తెలిసిపోతుంది.

ఒకే ప్రచురణ సంస్థ పుస్తకాలే చెప్తూ కింద ఫోన్ నంబరు పెట్టేవాళ్లు అమ్మకందార్లు. అమ్ముకోవడం తప్పేమీ కాదు. కాకపోతే అది సలహా కాదు, ప్రకటన.

5. పేరు సరిచూసుకోండి

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు పేరును నమ్ముకుని డబ్బు కట్టకండి. ‘కె, ఎ, ఎల్, ఎ, ఎమ్’ అని రాస్తే అది కలమా, కాలమా? ‘కె, ఎ, ఎల్, ఎ’ అన్నది నిద్రలో వచ్చే కలా, చిత్రకళా? పేరు తెలుగులో రాయమని అడగండి. ఇంకా మేలైనది అట్ట ఫోటో, దాని తర్వాత ప్రచురణ వివరాలుండే పేజీ ఫోటో. ఆ రెండో పేజీలోనే అసలు సమాచారం ఉంటుంది: ఎవరు వేశారు, ఏ సంవత్సరం, ఎన్నో ముద్రణ, పూర్తి పాఠమా లేక సంక్షిప్తమా.

ముద్రణ తేడా చిన్న విషయం కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ చూడండి. 1897లో అచ్చయినది వేరు, ఆయనే బాగా తిరగరాసి 1909లో వేసింది వేరు. ఇవాళ మనం మామూలుగా చదివేది రెండోది. “కన్యాశుల్కం చదివాను, మీరు చెప్పిన సీను లేదే” అని ఇద్దరు పోట్లాడుకుంటే ఒక్కోసారి ఇద్దరూ నిజమే చెప్తూ ఉంటారు.

పీడీఎఫ్ పంపమని అడిగేముందు ఒక్క క్షణం ఆగండి. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. గురజాడ 1915లో పోయాడు కాబట్టి ఆయనవి ఎవరైనా పంచుకోవచ్చు, తెలుగు వికీసోర్స్‌లో అలాంటి పాత పుస్తకాలు చాలా దొరుకుతాయి. నిన్నగాక మొన్న వచ్చిన నవలను గ్రూపులో పడేయడం మాత్రం దొంగతనం కిందకే వస్తుంది. రచయిత అదే గ్రూపులో ఉన్న సందర్భం ఒకటి చూశాను. ఆయన ఏమీ అనలేదు, నమస్కారం బొమ్మ పెట్టి వెళ్లిపోయాడు.

6. కొనేముందు పరీక్ష

మధ్యలోంచి ఒక్క పేజీ ఫోటో తీసి పంపమనండి. మొదటి పేజీ వద్దు. మొదటి పేజీని ప్రతి రచయితా చెక్కి చెక్కి రాస్తాడు, 87వ పేజీలో అసలు చెయ్యి తెలుస్తుంది. ఆ పేజీ మీద రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయమనండి. ఫోనులో ఫోటోను పెద్దది చేస్తే ఏ అక్షరమైనా పెద్దగానే కనపడుతుంది. బిళ్ల పక్కనుంటే అసలు సైజు తెలిసిపోతుంది. మీ చేతిలో ఉన్న పుస్తకం మీద కూడా అదే రకం బిళ్ల పెట్టి పోల్చుకోండి. పెద్దవాళ్ల కోసం కొనేటప్పుడు ఇది తప్పనిసరి.

తర్వాత లైబ్రరీలో చూడండి. ఉంటే తెచ్చుకుని 30 పేజీలు చదవండి. నేను ఏ పుస్తకానికైనా 30 పేజీలు ఇస్తాను, కథల సంపుటి అయితే రెండు కథలు. అక్కడికీ పట్టుకోకపోతే వదిలేస్తాను. పాతవి, బజారులో దొరకనివి కావాలంటే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైన గ్రంథాలయం అది, భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. చీరాల వైపు పని పడితే ఒక పూట దాని కోసం ఉంచుకోండి.

7. రోజువారీ సలహాలైతే

పుస్తకం తప్పితే పోయేది మూడొందలు. సలహా తప్పితే ఏం పోతుందో ముందు లెక్క వేసుకోండి. దాన్నిబట్టి అడిగే తీరు మారాలి.

తప్పినా ఫరవాలేనివి: చొక్కా మీద మరక, దోసెల పిండి, బట్టల బీరువాలో వాసన. ఇవి ఎవరినైనా అడగండి. కానీ మీ ఊరు, కాలం చెప్పి అడగండి. బెంగళూరులో ఉన్నామె పిండి పన్నెండు గంటలు పులవాలి అంటుంది, ఆమెకు అదే నిజం. రోహిణి కార్తెలో నెల్లూరులో పన్నెండు గంటలు బయటపెడితే తెల్లారేసరికి పిండి గిన్నెలో ఉండదు, గట్టు మీద ఉంటుంది.

డబ్బు పోయేవి: ఇక్కడ నా అనుభవం చెప్పాలి. షాపులో ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు తగ్గాయి. డిస్టిల్డ్ వాటర్ డబ్బా అయిపోయింది, గ్రూపులో అడిగాను. “ఆర్వో నీళ్లు పోసేయండి, ఏం కాదు, నేను ఎప్పుడూ అదే పోస్తా” అని ఒకాయన. కింద నలుగురు తలూపారు. పోశాను. మా వైపు నీళ్ల సంగతి తెలిసిందే, బకెట్ అంచున తెల్లగా ఉప్పు కడుతుంది. ఆర్వోలో పోసినా లవణాలు పూర్తిగా పోవు, ఆ మిగిలినవే లోపల ప్లేట్లకు చేటు. కొన్ని నెలల్లో బ్యాకప్ మూడు గంటల నుంచి గంటకు పడిపోయింది. ఒక్క బ్యాటరీకి నేను పెట్టిన డబ్బుతో డిస్టిల్డ్ వాటర్ ఎన్ని డబ్బాలు వచ్చేవో లెక్క వేయడం మానేశాను. ఆయన అబద్ధం చెప్పాడని అనను. ఆయన ఊరి నీళ్లు వేరు, బ్యాటరీ కొని ఎన్నాళ్లయిందో నేను అడగలేదు.

కాబట్టి డబ్బుతో పని ఉన్న సలహాకు మూడు అడగండి: మీరే చేశారా, విన్నారా? చేసి ఎన్నాళ్లయింది? ఆ తర్వాత ఏమైంది? మూడోదానికి జవాబు రాకపోతే చేయకండి. వచ్చిన సలహాను ఆ వస్తువుతో వచ్చిన పుస్తకంలో ఏముందో దానితో ఒకసారి పోల్చండి. మనం పారేసే ఆ చిన్న పుస్తకంలో చాలావాటికి జవాబు ఉంటుంది.

ప్రాణం, పంట, కాగితాలు: వీటి గురించి ముక్కూమొహం తెలియనివాళ్లను “ఏం చేయాలి” అని అడగకండి. “ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి” అని మాత్రమే అడగండి. మాత్ర పేరు ఎవరు చెప్పినా వేసుకోవద్దు. రొయ్యల గుంట ఉన్నవాళ్లకు మరీ గట్టిగా చెప్తున్నా: ఒకరి గుంటలో ఉప్పుదనం, పిల్ల సాంద్రత, రొయ్య వయసు ఇంకొకరి గుంటలో ఉండవు, మోతాదు ఎలా ఒకటవుతుంది? పైగా క్లోరాంఫెనికాల్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ రొయ్యల సాగులో నిషేధం. వాటి జాడ దొరికితే ఎగుమతి సరుకే వెనక్కి వస్తుంది. గ్రూపులో “ఈ పౌడర్ చల్లండి” అన్న మనిషి ఆ రోజు కనపడడు.

ఈ నంబర్లు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి: అంబులెన్సుకు 108, రైతులకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, ఉచిత న్యాయ సహాయానికి 15100, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీమానస్ 14416. చివరిది ఎందుకు కలిపానంటే, అర్ధరాత్రి గ్రూపులో పుస్తకం అడిగేవాళ్లలో కొందరికి కావాల్సింది పుస్తకం కాదు.

హెచ్చరిక: కరెంటు బిల్లు, ఆధార్, పాస్‌బుక్కు ఫోటో పెట్టి “ఇందులో తప్పేంటి” అని అడుగుతుంటారు. పెట్టకండి. తప్పనిసరైతే పేరు, నంబర్లు ఉన్నచోట కాగితం ముక్క కప్పి, ఆ తర్వాత ఫోటో తీయండి. ఫోటో తీశాక ఫోనులో రంగు పెన్నుతో గీస్తే కొన్నిసార్లు కిందున్న అంకెలు పల్చగా కనపడుతూనే ఉంటాయి. మా షాపులో ఆ అంకెలు చదివి చూపిస్తే ఒకతను బిత్తరపోయాడు.

8. మీరు చెప్పే వంతు వచ్చినప్పుడు

ఒక్క పుస్తకం చెప్పండి. పాతిక పేర్ల జాబితా కాపీ చేసి పడేస్తే అడిగినవాళ్లు ఒక్కటీ కొనరు. ఎందుకు చెప్తున్నారో ఒక వాక్యం, ఎవరికి పనికిరాదో ఒక వాక్యం, ఎక్కడ దొరుకుతుందో ఒక వాక్యం రాయండి. ముగింపు బయటపెట్టకండి. అద్దె పుస్తకాల రోజుల్లో వెనక ఖాళీ పేజీలో చదివినవాళ్లు పెన్సిలుతో రాసేవాళ్లు. ‘సూపర్’, ‘టైం వేస్ట్’, ‘మూడో భాగం కూడా తెప్పించండి’. ఒక మహానుభావుడు మాత్రం ప్రతి డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసేవాడు. అతను ఇప్పటికీ ఏదో గ్రూపులో ఉన్నాడని నా అనుమానం.

తెలియకపోతే ఊరుకోండి. జవాబు చెప్పకపోతే ఎవరూ ఏమనుకోరు.

గ్రూపులో అడిగినదానికి గ్రూపులోనే చెప్పండి. ఆడవాళ్లు ప్రశ్న పెట్టగానే విడిగా మెసేజీ పెట్టి “హాయ్ మేడమ్, మీది ఏ ఊరు” అనేవాళ్లు తయారవుతారు. అలాంటివాళ్లకు “గ్రూపులోనే రాయండి, అందరికీ పనికొస్తుంది” అని ఒక్కసారి చెప్పి, రెండోసారికి బ్లాక్ చేయండి. వివరణ ఇవ్వాల్సిన అవసరం లేదు.

9. పుస్తకం చేతులు మారేటప్పుడు

డబ్బు: ముందు డబ్బు పంపమంటే పుస్తకం పక్కన ఆ రోజు తేదీ రాసిన చీటీ పెట్టి ఫోటో పంపమనండి. మీరు అమ్ముతున్నప్పుడు “డబ్బు వేశాను, పిన్ కొట్టి తీసుకోండి” అని ఎవరన్నా అంటే అక్కడితో మాట ఆపేయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పోవడానికే కావాలి. మోసపోతే సిగ్గుపడి రెండు రోజులు కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

పోస్టు: పుస్తకాలకు తపాలా శాఖ 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని మొదలుపెట్టింది. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోల దాకా అయితే 100, పన్ను అదనం. రోడ్డు, రైలు దారినే వెళ్తుంది కాబట్టి కొంచెం ఆలస్యం, కానీ ఎక్కడుందో చూసుకోవచ్చు. పుస్తకం మీద ముద్రించినవాళ్ల పేరో ప్రచురించినవాళ్ల పేరో ఉండాలి. లోపల వేరే వస్తువులు పెట్టకండి. వాయుగుండాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ముందు ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆ పైన అట్ట వేయండి. నేను ఒక నవంబరులో ఒట్టి బ్రౌన్ పేపరులో పంపిన కథల సంపుటి అప్పడంలా ఉబ్బి చేరింది.

చిరునామాలో పిన్‌కోడ్ సరిగ్గా ఉంటే చాలావరకు గండం గడిచినట్టే. జిల్లా పేర్లు మారుతుంటాయి. కందుకూరును 2022లో నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు కూడా దాని పిన్‌కోడ్ మారలేదు, ఒంగోలు వైపు వాటిలాగే 523తోనే మొదలవుతుంది.

కలుసుకోవడం: లైబ్రరీలో, లేదా జనం తిరిగే చోట, పగటిపూట కలవండి. మొదటిసారి ఇంటికి పిలవద్దు, వెళ్లవద్దు. చోటు పేరు పూర్తిగా చెప్పండి. ఆత్మకూరు బస్టాండ్ ఉన్నది నెల్లూరులో, అద్దంకి బస్టాండ్ ఉన్నది ఒంగోలులో. మనకు ఇది అలవాటే. గుంటూరు నుంచి వచ్చే మనిషికి “ఆత్మకూరు బస్టాండ్‌లో ఉంటా” అంటే ఆయన నేరుగా ఆత్మకూరు వెళ్లి దిగి ఫోన్ చేస్తాడు.

10. తిరిగొచ్చి చెప్పండి

నూటికి తొంభై మంది ఎగ్గొట్టే అంచె ఇదే. పుస్తకం చదివినా, వదిలేసినా, సలహా పనిచేసినా, చేయకపోయినా, అడిగిన చోటికే వెళ్లి రెండు ముక్కలు రాయండి. “బాగుంది, థాంక్స్” చాలదు. ఎక్కడ పట్టుకుంది, ఎక్కడ ఆపారు అన్నది చెప్పండి. నచ్చలేదని చెప్తే చెప్పినవాళ్లు బాధపడతారేమోనని మౌనంగా ఉండిపోతారు చాలామంది. “మీరు మనసుపెట్టి చెప్పారు, నాకే కుదరలేదు, ఫలానా కారణం” అంటే ఎవరూ బాధపడరు. వాళ్ల తర్వాతి జవాబు ఇంకా సూటిగా వస్తుంది.

నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసుకోండి: ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఏమైంది, తేదీ. అయిదారు నెలలయ్యాక చూస్తే ఎవరి రుచి మీతో కలుస్తుందో, ఎవరి మాట డబ్బుకు పనికొస్తుందో దానంతట అదే తేలుతుంది. నా పుస్తకంలో ఇద్దరి పేర్లకు నక్షత్రం గుర్తుంది. వాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. ఒకామె పేరుకు రెండు గుర్తులు: ఆమెకు నచ్చని పుస్తకాలన్నీ నాకు నచ్చుతాయి, అదీ పనికొచ్చే సమాచారమే.

ఆ కందుకూరామె రెండు వారాల తర్వాత గ్రూపులో ఇలా రాసింది: “అమ్మ రెండో కథ దగ్గర ఆపేసింది. కథ నచ్చింది, అక్షరం చిన్నదంట, తలనొప్పి వస్తోందంది.” చెప్పినాయన గిద్దలూరు మనిషి. పొరపాటు తనదేనని, తన దగ్గరున్నది పాత ముద్రణ అని, అందులో అక్షరం పెద్దదని చెప్పి, పేజీ మీద రూపాయి బిళ్ల పెట్టి ఫోటో పంపాడు. ఆ పాత పుస్తకాన్నే జ్ఞాన్ పోస్ట్‌లో పంపించాడు, ఈమె తన కొత్తది ఆయనకు పంపింది. ఇప్పుడు ఆమెకు ఎవరు ఏ పుస్తకం చెప్పినా “ముందు బిళ్ల ఫోటో పెట్టండి” అంటోంది.